కథకుడి గొంతు నుంచి రంగస్థలానికి: కసిమాలీ జాంతోషెవ్ నాటక కృషి

కిర్గిజ్ సాహిత్యం అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చే పేరు చింగిజ్ ఐత్‌మాతోవ్. సోవియట్ ప్రచురణల ద్వారా ఆయన ‘జమీల్యా’ తెలుగులోకి వచ్చింది. ఆయనకు ముందుతరంలో కిర్గిజ్ భాషకు రంగస్థలాన్ని సమకూర్చిన వారి గురించి తెలుగులో చర్చ దాదాపు లేదు. ఆ తరంలో ముఖ్యులు కసిమాలీ జాంతోషెవ్ (1904–1968). ఆయన నటుడు, నాటకకర్త, నవలాకారుడు కూడా. మౌఖిక కథాగానం లిఖిత నాటకంగా మారిన తీరును అర్థం చేసుకోవడానికి ఆయన కృషి మంచి ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

జాంతోషెవ్ ఇస్సిక్-కుల్ సరస్సు ప్రాంతంలోని తెప్కె గ్రామంలో పుట్టారు. ఆయనకు పన్నెండేళ్ల వయసులో, 1916లో, జార్ ప్రభుత్వం మధ్య ఆసియా ప్రజలను యుద్ధకాలపు వెట్టిపనికి తరలించాలని ఆజ్ఞాపించింది. దానిపై తిరుగుబాటు లేచింది. దాన్ని సైన్యం అణచివేస్తుంటే వేలాది కిర్గిజ్ కుటుంబాలు తియాన్ షాన్ కనుమలు దాటి చైనాకు పారిపోయాయి. ఆ దారిలో ఎందరో చనిపోయారు. ఈ విషాదం ఆ తరం రచయితల మీద ముద్ర వేసింది.

కిర్గిజ్‌లో తొలి వార్తాపత్రిక ‘ఎర్కిన్-తో’ వెలువడింది 1924లో. అప్పటి అరబిక్ లిపి స్థానంలో 1920ల చివర లాటిన్, 1940ల మొదట్లో సిరిలిక్ వచ్చాయి. ఒకే జీవితకాలంలో మూడు లిపులు చూసిన ఆ సమాజంలో అక్షరాస్యులు కొద్దిమందే. పుస్తకం చేరలేని చోటికి నాటకం చేరగలిగింది. తొలి రచయితల్లో పలువురు నాటకం వైపు మొగ్గడానికి ఇదొక బలమైన కారణం.

నటుడి నుంచి నాటకకర్త దాకా

1926లో ఫ్రుంజే నగరంలో, అంటే నేటి బిష్కెక్‌లో, సంగీత నాటక శిక్షణ కేంద్రం మొదలైంది. 1930లో అదే వృత్తి నాటకశాలగా రూపొందింది. కిర్గిజ్ తొలి నాటకాల్లో ఒకటిగా పేరొందిన ‘కైగులూ కకెయ్’ను మొల్దొగాజీ తొకోబాయెవ్ రాశారు. బలవంతపు పెళ్లి, కన్యాశుల్కం ఆనాటి నాటకాలకు ప్రధాన వస్తువులు. తొలితరం నటుల్లో ఒకరైన జాంతోషెవ్ 1928లో ‘కరాచాచ్’ నాటకంతో రచయితగా అడుగుపెట్టారు.

అప్పటిదాకా కిర్గిజులకు తెలిసిన ప్రదర్శనకళ కథాగానం. కిర్గిజ్ వీరగాథ ‘మనాస్’ గాయకుడు వాద్యం లేకుండా కూర్చునే, గొంతుతో, చేతుల కదలికతో, ముఖకవళికలతో యుద్ధాలనూ విలాపాలనూ కళ్లకు కట్టిస్తాడు. వీరుడు, శత్రువు, తల్లి, వధువు, అందరూ అతని ఒక్క గొంతులోనే పలుకుతారు. నాటకం రాయడమంటే ఆ ఒక్క గొంతును విడదీసి పలువురు నటులకు పంచడం. ఏ మాట పాత్ర నోట చెప్పించాలి, ఏది చేతలో చూపాలి అన్న వివేచన వేదిక మీద నిలబడ్డవారికి అనుభవంతో అబ్బుతుంది.

‘కుర్మన్‌బెక్’ ఎంపికలో ఔచిత్యం

1930ల చివర జాంతోషెవ్ వీరగాథ ‘కుర్మన్‌బెక్’ను నాటకంగా మలిచారు. సయక్‌బాయ్ కరలాయెవ్ పాడిన ‘మనాస్’ గాథలన్నీ కలిపితే ఐదు లక్షల పంక్తులు దాటుతాయి. దానితో పోలిస్తే ‘కుర్మన్‌బెక్’ చాలా చిన్న గాథ. అయితే ఎంపికకు నిడివి ఒక్కటే కారణం కాదనిపిస్తుంది.

శత్రువు దండెత్తినప్పుడు కుర్మన్‌బెక్ తన తండ్రి తెయిత్‌బెక్‌ను తెల్తోరు అనే మేలుజాతి గుర్రం ఇమ్మని అడుగుతాడు. తండ్రి ఇవ్వడు. కొడుకు మరో గుర్రమెక్కి యుద్ధానికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకుంటాడు. ఈ గాథలో విషాదానికి మూలం శత్రువు బలం కన్నా తండ్రి నిరాకరణ. దండయాత్రలను వేదిక మీద చూపడం కష్టం. తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఘట్టం మాత్రం నాటకానికి ప్రాణం. పైగా తల్లో తండ్రో కొడుకో కాని ప్రేక్షకుడు ఉండడు. నటుడి చూపుతో చేసిన ఎంపికగా దీన్ని భావించడానికి ఈ కథానిర్మాణమే ప్రధాన ఆధారం.

నవలాకారుడిగా

బహుళ భాగాల నవల ‘కనీబెక్’ జాంతోషెవ్‌ను పాఠకలోకానికి మరింత దగ్గర చేసింది. సాహసఘట్టాలతో సాగే ఈ నవలను గెన్నాదీ బజారోవ్ 1978లో చలనచిత్రంగా తీశారు. జాంతోషెవ్ ‘కిర్గిజ్ ప్రజా రచయిత’ బిరుదు పొందింది 1968లో, మరణించిన సంవత్సరంలోనే.

ముగింపు

సోవియట్ కాలపు సిద్ధాంతాల చట్రంలోనే జాంతోషెవ్ రాశారు. ఆ పరిమితిని గుర్తిస్తూనే ఆయన రచనలను అంచనా వేయాలి. అయినా మౌఖిక గాథను కాపాడుకోవడమంటే దాన్ని రికార్డు చేసి భద్రపరచడం ఒక్కటే కాదనీ, కొత్త కళారూపంలో మళ్లీ పలికించడం కూడా అనీ ‘కుర్మన్‌బెక్’ రుజువు చేసింది. పల్నాటి వీరగాథ, కాటమరాజు కథ వంటి సంపద ఉన్న తెలుగు పరిశోధకులకు ఈ నాటకం విలువైన తులనాత్మక సామగ్రి. దీన్ని మూలం నుంచి తెలుగులోకి తెచ్చే పని విశ్వవిద్యాలయాల తెలుగు, రంగస్థల శాఖలు కలిసి చేపట్టాలి.