ఉమ్మడి పాత్ర (ప్రభు రాత్రి భోజనం)

ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చిలలో ప్రభు రాత్రి భోజన సంస్కార సమయమున విశ్వాసులందరూ ఒకే పాత్ర నుండి ద్రాక్షారసమును స్వీకరించు ఆచారమును ఉమ్మడి పాత్ర అంటారు. ఈ పాత్ర సాధారణంగా వెండితో గాని, ఇతర లోహముతో గాని చేసినదై ఉంటుంది. గురువు ఒక్కొక్కరికి అందించిన పిదప దాని అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచి, పాత్రను కొద్దిగా త్రిప్పి, తరువాతి వారికి అందిస్తాడు.

చరిత్ర

మధ్యయుగములో పశ్చిమ ఐరోపాలో సామాన్య విశ్వాసులకు రొట్టె మాత్రమే ఇచ్చేవారు. 1415లో కాన్‌స్టన్స్ మహాసభ ఈ పద్ధతిని ఖాయం చేసినది. ఇంగ్లాండులో 1547 నాటి చట్టము రొట్టె, ద్రాక్షారసము రెండూ ప్రజలకు ఇవ్వవలెనని ఆదేశించినది; అయితే అత్యవసర పరిస్థితులకు మినహాయింపు ఉంచినది. ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస సూత్రములలో 30వది కూడా పాత్రను సామాన్యులకు నిరాకరించరాదని చెబుతుంది.

వేదాంత భావము

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయము ఈ ఆచారమునకు ముఖ్యమైన ఆధారము. ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలుపొందువారు అనేకులైనను ఒకే శరీరమని దీని భావము. రొట్టెలో గాని, ద్రాక్షారసములో గాని ఏ ఒక్కదానిని స్వీకరించినను సంస్కారము సంపూర్ణమేనన్న అభిప్రాయము కూడా ఉన్నది.

కులము, ఎంగిలి

ఎంగిలి పట్టింపు, అంటరానితనము ఉన్న సమాజములో ఒకే పాత్ర నుండి త్రాగుట చిన్న విషయము కాదు. దక్షిణ భారతదేశపు కొన్ని పాత సంఘాలలో కులమును బట్టి వేర్వేరు వరుసలు, కొన్నిచోట్ల వేర్వేరు పాత్రలు ఉండేవి. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో సంఘములో కులభేదములను పూర్తిగా విడిచిపెట్టవలెనని లేఖ వ్రాశాడు. దీనికి తంజావూరు ప్రాంతములో తీవ్ర వ్యతిరేకత వచ్చినది.

తెలుగు ప్రాంతములో దోర్నకల్ డయోసిస్ ఇందుకు ముఖ్య ఉదాహరణ. వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషిక్తుడై, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. 1930ల నడుమ అక్కడి సంఘ సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. తమలో తాము కలిసి భుజించని ఈ రెండు వర్గాలకు ఒకే బల్ల, ఒకే పాత్ర అనునది కొత్త సంబంధమునకు గుర్తు. పల్లె హోటళ్ళలోని రెండు గ్లాసుల పద్ధతితో పోల్చి చూచిన దీని ప్రాముఖ్యత తెలియగలదు.

దక్షిణ ఇండియా సంఘము

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా (సి.ఎస్.ఐ.) ఏర్పడినవి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలతో కూడిన హైదరాబాదు నగరము ఈ సంఘపు మెదక్ డయోసిస్ పరిధిలోనిది. దీని మూలాలు వెస్లియన్ మెథడిస్టు మిషనులో ఉన్నవి. ఇట్లు భిన్న సంప్రదాయాలు కలియుట వలన ఉమ్మడి పాత్ర, విడివిడి చిన్న గిన్నెలు, రొట్టెను ద్రాక్షారసములో ముంచి ఇచ్చుట మొదలగు పద్ధతులు సంఘమును బట్టి కనిపిస్తాయి.

ఆరోగ్య సమస్య

సూక్ష్మజీవుల వలన రోగములు వ్యాపించునని తెలిసిన పిదప, 1890లలో అమెరికాలో విడి గిన్నెల వాడకము మొదలైనది. ఉమ్మడి పాత్ర వలన అంటువ్యాధి సోకు అవకాశము మిక్కిలి తక్కువేనని, కాని పూర్తిగా లేదనలేమని వైద్య నిపుణుల అభిప్రాయము. కోవిడ్-19 కారణముగా 2020 మార్చిలో చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ పాత్రను అందించుట నిలిపివేసి రొట్టె మాత్రమే ఇచ్చినది. అత్యవసర పరిస్థితులకు 1547 చట్టము ఇచ్చిన మినహాయింపు ఇట్లు మరల చర్చలోకి వచ్చినది.

విడి గిన్నెలను సమర్థించువారు పొరుగువాని ఆరోగ్యమును కాపాడుట ప్రేమలో భాగమని అంటారు. కులవివక్ష ఉన్నచోట గిన్నెలు వేరైతే పాత భేదములు తిరిగి రాగలవని ఉమ్మడి పాత్రను కోరువారు అంటారు.

ఇవి కూడా చూడండి

దోర్నకల్
మెదక్ చర్చి
వి.ఎస్. అజరయ్య
అంటరానితనం