దీపానికి దొరకని గాలి

బాయిల దయ్యాలుంటయా తాతా అంటివి గదా. ఆ కట్టె జర లోపలికి తొయ్యి, చెప్త.

ఉంటయనే నమ్మిన్రు బిడ్డా, శాన ఏండ్లు. మన సింగరేణిల గాదు, జర్మనీల. ష్నీబెర్గ్ అని కొండల నడుమ ఊరు. ముందు వెండి తవ్విన్రు, ఆ తర్వాత కోబాల్ట్ తవ్విన్రు. బాయి దిగినోడు దగ్గి దగ్గి, ఎండుకపోయి సచ్చేటోడు. అగ్రికోలా అనే ఆయన పుస్తకం 1556ల అచ్చయింది. కార్పాతియన్ కొండల గనుల కాడ ఏడేడుగురు మొగుళ్లను పోగొట్టుకున్న ఆడోళ్లున్నరని అండ్ల రాసిండు. 1879ల హెర్టింగ్, హెస్సె అని ఇద్దరు డాక్టర్లు లెక్క తీస్తే, ష్నీబెర్గ్ గనోళ్లల నలుగురిల ముగ్గురి సావు ఊపిరితిత్తుల గడ్డతోనే. ఎందుకొస్తుందో అప్పుడు అంతు చిక్కలే.

ఆ దయ్యం రేడాన్ బిడ్డా. రాతిల యురేనియం ఉంటే, అది తరిగి తరిగి రేడియం అయితది, రేడియంల నుంచి ఈ గాలి పుడతది. రంగు లేదు, వాసన లేదు. నేను గాలి సెక్షన్ల పని జేసినోన్ని. మా చేతిల సేఫ్టీ ల్యాంపు ఉండె. మీథేన్ ఉంటే మంట మీద నీలం టోపీ లేస్తది, మంచిగాలి తగ్గితే దీపం సన్నబడ్తది. రేడాన్‌కు ఆ దీపం ఇసుమంతన్న కదలదు. పీల్చిన రేడాన్ శాన మట్టుకు ఊపిరితోనే బయటికి పోతది. దాంట్లకెళ్లి పుట్టే పొలోనియం ఉన్నదే, అది దుమ్ముకు అంటుకొని లోపలి గొట్టాలల్ల కూసుంటది. ఆడ అది కొట్టే దెబ్బ శాన ఏండ్లకు గడ్డయి బయటపడ్తది. బీడీ తాగేటోనికైతే రెండూ కలిసి మరింత చేటు. బాయిల అగ్గి ముట్టియ్యనియ్యకపోయేది, పైకొచ్చినంక మాత్రం మావోళ్లు కట్టలు కట్టలు ఊదేటోళ్లు!

నాకు కోపమొచ్చేది జర్మనోళ్ల మీద గాదు, వాళ్లకు ఎరుక లేకుండె. అమెరికాల నవాహో అని ఒక తెగ. పెద్ద యుద్ధం అయినంక బాంబులకు యురేనియం కావాలని వాళ్ల నేలలు తవ్విన్రు. బండను పేల్చినంక పొగ తేరకముందే లోపలికి తోలేటోళ్లు. బండ ఊట నీళ్లే తాగిన్రు, ఆ దుమ్ము బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకున్నరు. 1950ల సర్కారు డాక్టర్లొచ్చి రక్తం తీసిన్రు, ఎక్స్‌రేలు తీసిన్రు, బాయి గాలి కొలిచిన్రు. ప్రమాదమని పనోళ్లకు మాత్రం చెప్పలే. చెప్తే బాయిలకు రానియ్యమని యజమానుల షరతు. నవాహోలల్ల సిగరెట్లు తాగేటోళ్లే తక్కువ, అయినా ఆ గడ్డే లేచింది.

మందు లేదా అంటే ఉండె, ఫ్యాను! గాలి జోరుగ కొడితే పొలోనియం పేరుకోకముందే రేడాన్ బయటికి పోతది. ఆ సంగతి కొలిచినోళ్లకు ముందే ఎరుక. రేడాన్‌కు గట్టి హద్దు అమలైంది 1971ల. నష్టపరిహారం చట్టం 1990ల వచ్చింది, జబ్బు పడ్డ గనోళ్లకు తలా లక్ష డాలర్లు. దానికోసం ముందుగాల లేచింది మొగుళ్లు సచ్చిన ఆడోళ్లే.

మన కడప దిక్కు తుమ్మలపల్లెల గూడ యురేనియం బాయి ఉన్నది. నేను ఆడికి వోతే మొదలు అడిగేది జీతం గాదు. ఫ్యాను ఎంత గాలి కొడుతున్నది, గాలి కొలిచిన కాయిదం పనోని చేతికి ఇస్తున్నరా, అది అడుగుత.