నంద్యాల బిషప్ అమ్మగారు

పోయిన ఆదివారం మన మీటింగ్ అయ్యాక టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆడవాళ్ళు బిషప్ అవ్వడం అమెరికాలో కదా, మన దగ్గర ఎక్కడిది?" ఉందయ్యా, అదీ మన తెలుగు నేల మీదే, నంద్యాలలో అన్నాను. ఎవరూ నమ్మలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. క్రైస్తవులే చదవాలని లేదు, ఇది మన తెలుగువాళ్ళ చరిత్ర.

కథ డోర్నకల్ నుంచి మొదలుపెట్టాలి. బల్లార్షాలో బండెక్కి విజయవాడ వెళ్ళేవాళ్ళందరికీ డోర్నకల్ జంక్షన్ తెలుసు. భద్రాచలం రోడ్ లైన్ అక్కడే చీలుతుంది. ఆ చిన్న ఊరు 1912లో ఒక డయోసిస్‌కు ముఖ్యపట్టణం అయింది. దాని బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతవరకు బిషప్ అంటే తెల్లదొరే.

అజరయ్యగారు తిరునెల్వేలి వైపు తమిళుడు. ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని తెలుగులోనే పల్లెపల్లెకూ తిరిగారు. నేను తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నవాణ్ణి. పెద్దయ్యాక ఒక భాష నేర్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. తర్వాత ఆయన డయోసిస్ చాలా తెలుగు జిల్లాలకు పెరిగింది, నంద్యాల ప్రాంతం కూడా అందులోకి వచ్చింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన ఎంతో కోరుకున్నది దక్షిణాది సభల ఐక్యత. అది ఆయన చూడలేకపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సభలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ ఏర్పడింది.

అందరూ కలిశారు గానీ నంద్యాలవాళ్ళలో చాలామంది మాత్రం కలవలేదు. బిషప్ చేతి అభిషేకం లేని పాస్టర్లను మేం ఎలా ఒప్పుకుంటాం, మా పాత పద్ధతి చెడిపోతుంది అని పట్టుబట్టారు. చుట్టూ అందరూ సీఎస్ఐ, మధ్యలో వీళ్ళు ఎక్కడో ఉన్న కలకత్తా కింద. రైల్వే భాషలో చెప్పాలంటే, మెయిన్ లైన్ బండి వెళ్ళిపోయింది, వీళ్ళ పెట్టె లూప్ లైన్‌లో ఉండిపోయింది. 1963లో నంద్యాల విడిగా డయోసిస్ అయింది. చివరికి 1975లో సీఎస్ఐలో చేరింది. ఇరవై ఎనిమిదేళ్ళ పంతం! తెలుగు క్రైస్తవుల్లో పాత పద్ధతిని అంత గట్టిగా పట్టుకున్న చోటు ఇంకొకటి నేను వినలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. చర్చికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. బైబిల్ ఉమన్ అనే పేరుతో ఇల్లిల్లూ తిరిగి చదువు చెప్పింది, రోగుల్ని చూసింది, ప్రార్థన నేర్పింది వాళ్ళే. కానీ ప్రభు భోజన సంస్కారం జరిపే బల్ల దగ్గరకు మాత్రం రానివ్వలేదు. మన ఊళ్ళలో అయ్యగారు అంటే పాస్టరు, అమ్మగారు అంటే పాస్టరు భార్య. అమ్మగారే పాస్టరు కావచ్చన్న ఆలోచన మన మాటల్లోనే లేదు. సీఎస్ఐలో 1976లో ఎలిజబెత్ పాల్ గారు గురువుగా అభిషేకం పొందిన మొదటి స్త్రీ అయ్యారు.

ఎగ్గోని పుష్పలలిత గారు 1956లో కర్నూలు జిల్లా దిగువపాడు అనే పల్లెలో పుట్టారు. 1980లలో గురువుగా అభిషేకం పొందారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పల్లెటూరి చర్చిల్లోనే సేవ. పల్లె పాస్టరు పని అంటే ఆదివారం ప్రసంగం ఒక్కటే కాదు. పెళ్ళీ, చావూ, మొగుడూ పెళ్ళాల గొడవా, పొలం తగాదా, అన్నీ ఆ గడప దగ్గరికే వస్తాయి. ఒక ఆడమనిషి తీర్పు చెబితే వినడానికి పెద్దమనుషులకు ఎంతకాలం పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి.

2013 సెప్టెంబరు 30న నంద్యాల హోలీ క్రాస్ కథీడ్రల్‌లో ఆమెకు బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పటి మోడరేటర్ జి. దేవకడాశం గారు. సీఎస్ఐ చరిత్రలో మొదటి మహిళా బిషప్ ఆమే.

తేదీలు చూడండి. నంద్యాలకు మిషనరీలను పంపింది ఇంగ్లండు. ఆ ఇంగ్లండులో 2012 నవంబరులో ఆడవాళ్ళు బిషప్ కావచ్చా అని ఓటు పెడితే ఓడిపోయింది. మళ్ళీ 2014లో నెగ్గింది. వాళ్ళ మొదటి మహిళా బిషప్ లిబ్బీ లేన్‌కు అభిషేకం జరిగింది 2015 జనవరిలో. అంటే కర్నూలు జిల్లా పల్లె ఆడబిడ్డ ఇంగ్లండు కంటే ఏడాది పైన ముందు! పాత పద్ధతి కోసం ఇరవై ఎనిమిదేళ్ళు విడిగా కూర్చున్న నంద్యాలలోనే ఇది జరిగింది. లూప్ లైన్‌లో ఆగిన పెట్టె ముందు స్టేషన్ చేరింది.

అయితే ఒక్కరితో అంతా మారిపోయిందని నేను అనను. మన చంద్రపూర్ వైపు చర్చిలు ఉత్తర ఇండియా సంఘం, సీఎన్ఐ కిందివి. అది పుట్టింది మన నాగపూర్‌లోనే, 1970 నవంబరు 29న. అందులో మొదటి మహిళా బిషప్ ఒడిశాలోని ఫూల్బని డయోసిస్‌కు వచ్చేసరికి 2024 అయింది. తలుపు ఒకసారి తెరిస్తే చాలదు, మళ్ళీ మూసుకోకుండా ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకండి. మన సంఘం సంగతేమిటి? ఉగాదికి పులిహోర కలిపేది ఆడవాళ్ళు, చందాలకు గడపగడపకూ తిరిగేది ఆడవాళ్ళు, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేది ఆడవాళ్ళు. వేదిక మీద కుర్చీల్లో కూర్చునేది మేము. నేనూ అలా కూర్చున్నవాణ్ణే, ఒక్కసారి కూడా లేచి కుర్చీ ఇవ్వలేదు. వచ్చే ఎన్నికల్లో అధ్యక్షురాలిగా ఒక అక్కనో చెల్లెమ్మనో నిలబెడదాం. మొదటి ఓటు నాది. మీ అభిప్రాయం రాయండి.