మందు మిగిల్చిన మరుపు

ఇంట్లో క్యాన్సర్ మాట వినబడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "బతుకుతారా?" అని. రెండోది "ఎంత ఖర్చవుతుంది?" అని. "ఈ మరుపేమిటి?" అన్న మూడో ప్రశ్న మాత్రం రెండు మూడు సైకిళ్ల కీమో ఎక్కాక గానీ పుట్టదు. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుండదు. చెప్పిన మాటే మళ్లీ చెబుతారు. ఎదురుగా ఉన్న మనిషి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఈ బాధను కొందరు "యాదికొస్తలేదు" అంటారు, కొందరు "యాద్ నై ఆరా" అంటారు. భాష ఏదైనా ఇంట్లోవాళ్లు ఇచ్చే సమాధానం ఒకటే: "టెన్షన్ పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటాయి." చాలాకాలం వైద్యులూ అదే చెప్పారు. కీమోతో వచ్చే మరుపు నిజమైనదేనని ఒప్పుకోవడానికి వైద్యానికి సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. ఆ కథ ఒక తెలుగువాడి చేతి మందుతో ముడిపడి ఉంది.

మూసీ ఒడ్డున పాత ప్రశ్న

మరుపుకు మందు వెతకడం ఈ ఊరికి కొత్త కాదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 16వ శతాబ్దం చివర కట్టించిన దారుల్‌షిఫా యునానీ వైద్యశాల, విద్యాలయం కూడా. యునానీ వైద్యం మరుపును 'నిస్యాన్' అనే వ్యాధిగా గుర్తించింది. మెదడులో చల్లదనం, తేమ పెరగడం వల్ల అది వస్తుందని భావించి ఖమీరాలనే తీపి మందులు ఇచ్చేది. ఆయుర్వేదంలో చరక సంహిత బుద్ధికి బలమిచ్చే మేధ్య రసాయనాలుగా మండూకపర్ణి, యష్టిమధు, గుడూచి, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పింది. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రికి ఇప్పటికీ యునానీ మందుల కోసం జనం వస్తూనే ఉంటారు. అయితే ఈ గ్రంథాలన్నీ చెప్పిన మరుపు వయసు వల్లో జబ్బు వల్లో వచ్చేది. ప్రాణం నిలిపే మందే మరుపు తెస్తే ఏం చేయాలన్నది ఆనాటివారికి ఎదురుకాని ప్రశ్న.

మందు చేసే మేలు సరే, కీడు ఎక్కడ చేస్తోందన్న ప్రశ్నను మాత్రం హైదరాబాద్ ముందే అడిగింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోనూ, 1889లోనూ మత్తుమందైన క్లోరోఫాంపై కమిషన్లు పనిచేశాయి. మత్తులో ప్రాణం పోతున్నది శ్వాస ఆగడం వల్లనా, గుండె ఆగడం వల్లనా అన్నది తేల్చడమే వాటి పని. రెండో కమిషన్‌కు ఆరో నిజాం డబ్బిచ్చాడు. లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని కమిషన్ తీర్పిచ్చింది. క్లోరోఫాం నేరుగా గుండె లయనే దెబ్బతీయగలదని 20వ శతాబ్దపు పరిశోధన తేల్చింది. శ్వాస మీదే చూపు నిలిపినవారి కళ్లకు గుండె ఆనలేదు. దేన్ని కొలుస్తామో అదే కనబడుతుంది. కీమో చరిత్రలోనూ ఇదే జరిగింది.

భీమవరం నుంచి బోస్టన్‌కు

మొదట చెప్పిన ఆ తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దికాలం తేడాలో పోయారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం కణాల పెరుగుదలకు అవసరం. దాన్ని పోలి ఉండి దాని పని సాగనివ్వని పదార్థాలనూ అదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్ తమ్ముడనదగిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

అప్పట్లో పిల్లవాడు ఇంకో మూడు నెలలు బతికితే అదే అద్భుతం. బడికి వెళ్లి లెక్కలు చేయగలడా అన్న ఆలోచనకు తావే లేదు. 1960లలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ మెదడుకు రేడియేషన్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ కలిపి ఇవ్వడంతో దాదాపు సగం మంది పిల్లలు నయమవసాగారు. మన దగ్గర జనం 'కరెంటు పెట్టడం' అనేది ఈ రేడియేషన్‌నే. ఆ పిల్లలు ఎదిగి బడిలో వెనకబడ్డాక గానీ మెదడు మీద పడిన దెబ్బ బయటపడలేదు. చాలామంది పిల్లలకు ఆ రేడియేషన్‌ను క్రమంగా తగ్గించారు, తర్వాత మానేశారు. క్యాన్సర్ వైద్యం బుర్రకు చేసే నష్టాన్ని మొదట పట్టిచ్చింది బడి పిల్లలే.

పెద్దల మాట విన్నదెప్పుడు?

పెద్దల విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ. 1976లో ఇటలీలో జియాని బొనడోన్నా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత సీఎంఎఫ్ అనే మూడు మందుల కూర్పు వాడితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించాడు. అందులో 'ఎం' మెథోట్రెక్సేటే. ఆ తర్వాత ప్రపంచమంతటా లక్షలాది స్త్రీలు కీమో తీసుకుని బతికి ఇళ్లకు చేరారు. ఇళ్లకు చేరాకే మరుపు సంగతి చెప్పసాగారు. కీమో రోగుల్లో కనిపించే ఆలోచనాలోపాన్ని దిగులు ఖాతాలో వేయలేమని 1980లోనే పీటర్ సిల్బర్‌ఫార్బ్ అనే మానసిక వైద్యుడు రాశాడు. పట్టించుకున్నవారు తక్కువ.

1998లో నెదర్లాండ్స్ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు చికిత్స ముగిసి సుమారు రెండేళ్లయిన రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, వేగం పరీక్షించారు. అధిక మోతాదు కీమో తీసుకున్నవారిలో 32 శాతం, మామూలు మోతాదు తీసుకున్నవారిలో 17 శాతం, కీమో లేనివారిలో 9 శాతం మందికి లోపం తేలింది. 2003లో ఈ రంగం పరిశోధకులు కెనడాలోని బాన్ఫ్‌లో సమావేశమయ్యారు. ఏ పరీక్షలు పెట్టాలి, ఎవరితో పోల్చాలి అన్న వాటిపై ఉమ్మడి సూచనలు 2011లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చాయి.

ఈలోగా కథ మరో మలుపు తిరిగింది. కీమో మొదలు కాకముందే సుమారు మూడోవంతు మందిలో లోపం ఉందని హ్యూస్టన్‌లో జెఫ్రీ వెఫెల్ బృందం గమనించింది. అంటే దోషం మందుది మాత్రమే కాదు. జబ్బు, ఆపరేషన్, మత్తు, నిద్రలేమి, రక్తహీనత, హార్మోన్ మాత్రలు, భయం అన్నీ కలిసి పనిచేస్తాయి. అలాగని మందును నిర్దోషిగా వదిలేయడానికీ వీల్లేదు. 2017లో అమెరికాలో 581 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, 364 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. కీమో ముగిసిన ఆరు నెలలకు కూడా తమ ఆలోచనాశక్తి తగ్గిందని రోగుల్లో 36.5 శాతం మంది, ఆరోగ్యవంతుల్లో 13.6 శాతం మంది చెప్పారు. సీఎంఎఫ్ తీసుకుని సగటున 20 ఏళ్లు దాటిన డచ్ స్త్రీలలోనూ చిన్నదే అయినా తేడా మిగిలే ఉందని 2012లో తేలింది.

2019లో స్టాన్‌ఫర్డ్‌లోని మిషెల్ మోంజే బృందం దీని లోపలి పనితీరును కొంత విప్పింది. మెథోట్రెక్సేట్ ఇచ్చిన ఎలుకల్లో మెదడులోని కాపలా కణాలు రెచ్చిపోయి, నరాలకు కొవ్వు తొడుగు అల్లే కణాల ఎదుగుదలను అడ్డుకున్నాయి. ఆ కాపలా కణాలను తగ్గిస్తే జ్ఞాపకశక్తి మెరుగైంది. ఎలుకల్లో తేలింది మనుషులకు ఇంకా మందుగా రాలేదు. అయినా "అంతా మీ ఊహే" అనే మాటకు ఇక చోటు లేదు.

మన పరీక్ష ఏ భాషలో?

హైదరాబాద్‌లో 1955లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రే నేటి ఎంఎన్‌జే సంస్థ. నిజాం కాలపు అధికారి, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరు దానికి పెట్టారు. మూసీకి అవతలి శాలిబండ, యాకుత్‌పురా, చంద్రాయణగుట్ట నుంచి పేద రోగులు రెడ్‌హిల్స్‌లోని ఆ ఆసుపత్రి మెట్లే ఎక్కుతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కీమో ఖర్చు భయం చాలామందికి తగ్గింది. దానితో చికిత్స ముగించి ఇల్లు చేరేవాళ్లు పెరిగారు. మరుపు గురించి అడగాల్సినవాళ్లూ పెరిగారన్నమాట.

అడగడం ఎలా అన్నది చిక్కు. పడమటి దేశాల పరీక్షల్లో ఒకటి 1 నుంచి ఎ కు, ఎ నుంచి 2 కు, 2 నుంచి బి కు గీత గీయమంటుంది. అక్షరం రాని యాకుత్‌పురా తల్లికి ఆ కాగితం ఇస్తే పరీక్షలో బయటపడేది బడికి వెళ్లలేదన్న సంగతే. కాగితం పక్కన పెట్టి నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలదో, చెప్పిన అంకెలను వెనకనుంచి చెప్పగలదో ఆమె భాషలో అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఈ దారి మన ఊళ్లోనే ఉంది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అది కీమో గురించిన పరిశోధన కాదు. అయినా తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడే, చదువుకోని మనుషుల జ్ఞాపకశక్తిని శాస్త్రీయంగా కొలవొచ్చని హైదరాబాదే రుజువు చేసింది. ఆ నైపుణ్యం క్యాన్సర్ వార్డుకూ చేరాలి.

రోగి చేసే పని తెలిస్తే నష్టం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. లాడ్ బజార్ లక్క గాజుల పని చూడండి. లక్కను నిప్పు మీద మెత్తబరిచి గాజుకు చుడతారు. అది వెచ్చగా ఉండగానే రంగు రాళ్లను వరుస తప్పకుండా అద్దాలి. చల్లారితే రాయి పట్టదు. కళ్లు, వేళ్లు, లెక్క ఒకే క్షణంలో కలిసి నడవాలి. ఆలోచన కాస్త నెమ్మదించినా, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందుతో వేళ్లు మొద్దుబారినా ఆ పని సాగదు. పరీక్షలో 'స్వల్ప లోపం' అని రాసేది ఇక్కడ రోజు కూలికే ఎసరు.

నెగ్గుకురావడం

ఈ మరుపును తగ్గించే మందుల వేట ఇప్పటిదాకా పెద్దగా ఫలించలేదు. డిమెన్షియాకు వాడే డోనెపెజిల్‌ను రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికిచ్చి చూసిన పెద్ద పరీక్షలోనూ లాభం కనబడలేదు. ఆశ కల్పించింది శిక్షణ. రాబర్ట్ ఫెర్గూసన్, టిమ్ ఆహ్లెస్ 2007లో ప్రకటించిన పద్ధతి మరుపు ఎప్పుడు, ఎక్కడ వస్తోందో రోగి చేతనే గమనింపజేసి, దానికి తగ్గ ఉపాయాలు నేర్పుతుంది. 2017లో ప్రకటించిన ఆస్ట్రేలియా పరిశోధనలో 242 మందిలో సగం మంది 15 వారాల పాటు ఇంట్లోనే కంప్యూటర్ శిక్షణ తీసుకున్నారు. పరీక్షల మార్కులు పెద్దగా మారలేదు గానీ రోజువారీ ఇబ్బంది తగ్గిందని చెప్పారు. చెమట పట్టేలా నడవడం, వేళకు నిద్రపోవడం కూడా మేలు చేస్తాయని పరిశోధనలు సూచిస్తున్నాయి.

ముందు చేయాల్సింది మాత్రం సరిదిద్దగల కారణాలను వెతకడం. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ చూడాలి. వాంతులకు, అలర్జీకి ఇచ్చే మందుల మత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మనిషి గందరగోళపడినా, జ్వరంతో పాటు తికమక కనిపించినా అది మామూలు మరుపు కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఖమీరాగానీ, లేహ్యంగానీ, మూలికల పొడిగానీ కీమో డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

మిగిలినదంతా ఇంటి ఏర్పాటు. చదువు రానివారికి డైరీ పనికిరాదు. అజాన్ వినబడే గల్లీలో మధ్యాహ్నపు మాత్రను జొహర్ నమాజుకు, రాత్రి మాత్రను ఇషా నమాజుకు ముడిపెట్టవచ్చు. గుడి గంటతోనో, టీవీ సీరియల్‌తోనో ముడిపెట్టుకున్నా ఫలితం అదే. డాక్టరు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికొచ్చాక మళ్లీ వినాలి. ఫైలు, తాళాలు, చిల్లర ఎప్పుడూ ఒకే చోట పెట్టాలి. పొయ్యి వెలిగించి మరో పని ముట్టుకోకూడదు. చిట్టీ లెక్క, ఓటీపీ చెప్పడం లాంటివి ఇంకొకరు పక్కనుండగానే చేయాలి. కీమో ఎక్కిన మొదటి కొద్ది రోజుల్లో పెద్ద నిర్ణయాలు పెట్టుకోకపోవడం మేలు. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తెరిపి వస్తుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. ఈ మాట ముందే చెబితే భయం సగం తగ్గుతుంది.

ఈ చరిత్ర ఇచ్చే తీర్పు ఒక్కటే. జ్వరం, వాంతులు, రక్తకణాల లెక్క కేస్‌షీట్‌లో ఎక్కాయి కాబట్టే వాటికి మందులు వచ్చాయి. మరుపు ఎక్కలేదు కాబట్టి వెనకబడిపోయింది. ప్రతి సైకిల్‌కు ముందు డాక్టరో నర్సో రోగి భాషలో "ఈ వారం ఏం మరిచిపోయారు?" అని అడిగి, జవాబు రాసుకోవాలి. దానికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వాళ్లు అడగకపోతే వెంట వెళ్లినవాళ్లే చెప్పి రాయించండి.