కృష్ణగిరి ఎద్దుల పరుగు జల్లికట్టుకు కొమ్మేనా?

కృష్ణగిరి జిల్లా ఎద్దుల పండుగ గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది తమిళ సంగం సాహిత్యంలోని కలిత్తొగైలో ముల్లైక్కలి పాటల దగ్గరే బయల్దేరతారు. కోడెను లొంగదీసిన గొల్లవాడికి పిల్లనిచ్చే ఆ పాటలు చదివి, ఎద్దుతో మనుషులు తలపడే మొహెంజొదారో ముద్రికను ఒకసారి తడిమి, నేరుగా మదురై పక్కన జల్లికట్టు ఊరు అలంగానల్లూరులో తేలతారు. ఊత్తంగరై, బర్గూరు, సామల్పట్టి పక్కల జరిగేది వాళ్లకు చివరి పేరాలో ఒక వాక్యం. ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టిన ఆచార్యులు ఒకరున్నారు. ఆట పుట్టిల్లు మదురై సీమేననీ, ఉత్తరానికి వచ్చేకొద్దీ అది పలచబడిందనీ ఆయన తీర్మానం. సామల్పట్టి వైపు ఒక్క సంక్రాంతి గడిపినా ఆయన ఈ మాట అనేవారు కాదు.

అలంగానల్లూరులో ఎద్దుల్ని వదిలే ద్వారం వాడివాసల్ దాటి వచ్చిన ఎద్దు మూపురాన్ని మనిషి పట్టుకుని వేలాడాలి. అక్కడ మనిషికీ పశువుకూ పెనుగులాట. మా వైపు అలా కాదు. రెండు పక్కలా కట్టెలు కట్టిన దారిలో ఎద్దు ఒంటరిగా పరుగెత్తుతుంది. ఈ గీత నుంచి ఆ గీతకు ఎన్ని సెకన్లు పట్టిందన్నదే లెక్క. పక్కనున్న కుర్రాళ్లు అరిచి, చేత్తో తట్టి ఉసిగొల్పుతారే తప్ప పట్టుకోరు. మైకులో మోగేది ఎద్దు పేరు, బహుమతి దాన్ని మేపినవాడిది. పట్టు లేని ఆటను పట్టు ఆటకు పలచని రూపమనడం ఏం శాస్త్రం?

పడమరగా హోసూరు, శూలగిరి వైపు పోతే ఇంకో తీరు. అక్కడ కొమ్ములకు రంగురంగుల తడికలు, వాటికి బహుమానం. పరుగెత్తే ఎద్దు మీంచి ఆ తడికను లాక్కోవాలి. తిరుపతి పక్కన చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో పశువుల పండుగ నాడు కొమ్ములకు పలకలు కడతారు, కుర్రాళ్లు వాటి కోసం ఎగబడతారు. కర్ణాటకలో హావేరి, శివమొగ్గ సీమల హోరి హబ్బలో ఎండుకొబ్బరి దండలు తెంపుకుంటారు. రంగంపేట నుంచి హోసూరు మీదుగా హావేరికి గీత గీస్తే అది మదురైని తాకదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం పశువు ఒళ్లే. దక్షిణాన జల్లికట్టుకు పేరుపడ్డది పులికుళం జాతి. మదురై, శివగంగ సీమల మందల్లో పెరిగి, మనిషి దగ్గరికొస్తే కుమ్మే పశువది. హోసూరు, కృష్ణగిరి రైతు మేపేది హళ్లికార్, దాని దగ్గరి చుట్టం ఆలంబాడి. పొడుగు కాళ్లు, వెనక్కి వాలిన కొమ్ములు, బండికి కడితే ఆగని నడక. మైసూరు రాజ్యంలో హైదరలీ, టిప్పు ఫిరంగులు లాగించిన అమృతమహల్ పశువులు కూడా ఈ హళ్లికార్ నెత్తురే. ఇంత పరుగున్న జాతిని మేపేవాడు దాని మూపురం పట్టుకుని ఎందుకు ఆపుతాడు? ఎంత వేగమో చూసుకుంటాడు. ఆటను పశువే నిర్ణయించింది, సంగం కవులు కాదు. వేలూరు, తిరువణ్ణామలై తమిళ ఊళ్లలోనూ ఈ పరుగే ఉందని ఆచార్యులవారు గుర్తుచేస్తారు, నిజమే. కానీ అక్కడ ఉన్నదీ పరుగే, మదురై పట్టు కాదు.

2017 జనవరిలో జల్లికట్టు కోసం జరిగిన చెన్నై మెరీనా ఉద్యమం తర్వాత వచ్చిన సవరణ చట్టం జల్లికట్టును నిర్వచిస్తూ మంజువిరట్టు, వడమాడు అనే మరో రెండు ఎద్దుల ఆటలనూ, మా పరుగైన ఎరుదువిడుం విళానూ అందులోనే కలిపేసింది. 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాన్ని నిలబెట్టింది. మా పరుగుకు రక్షణ దొరికింది, కానీ జల్లికట్టు గొడుగు కిందే. సరిహద్దు దాటి కుప్పం వైపు అడుగుపెడితే ఆ గొడుగూ లేదు.

రాష్ట్రం ఒక ఆటను తన గుర్తుగా ఎత్తుకున్నప్పుడు ఇలా జరగడం కొత్తేం కాదు. అమెరికాలో టెక్సాస్ 1997లో రోడియోను రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. ఆ ఆటకు తల్లివేరు మెక్సికన్ పశుపాలకుల చర్రేరియా. ఎద్దు కొమ్ములు పట్టి పడగొట్టే విన్యాసాన్ని ప్రచారంలోకి తెచ్చింది బిల్ పికెట్ అనే నల్లజాతి కౌబాయ్. సినిమాల్లో మాత్రం టోపీ పెట్టుకున్న తెల్లవాడే కనిపిస్తాడు. చర్రేరియాను 2016లో యునెస్కో జాబితాకెక్కించుకున్నది మెక్సికో.

2023 ఫిబ్రవరి 2న హోసూరు దగ్గర గోపచంద్రంలో పండుగకు అనుమతి ఆలస్యమైందని జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. గంటల తరబడి బండ్లు కదల్లేదు, బస్సుల మీద రాళ్లు పడ్డాయి. పత్రికలు దాన్ని శాంతిభద్రతల వార్తగా రాశాయి. నా లెక్కలో అది మా సీమ మొరసునాడు తన ఆటను తనదని చెప్పుకున్న రోజు. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసిన ఈ మెట్టసీమ క్రీడల విషయంలో మదురైకి పొలిమేర కాదు, తనకు తానే ఒక నాడు. హళ్లికార్ మేపే ఊళ్లకు పటం గీస్తే సామల్పట్టి దాని తూర్పు అంచున పడుతుంది. అలంగానల్లూరుకు అందులో చోటు లేదు.