రోగనిరోధక వ్యవస్థ – జ్ఞాపకశక్తి

రోగనిరోధక వ్యవస్థ సూక్ష్మజీవులతో పోరాడడమే కాక, నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం వంటి మెదడు పనుల్లోనూ పాలుపంచుకుంటుంది. దాని చర్య మితంగా ఉంటే జ్ఞాపకానికి మేలు, మితిమీరితే చేటు.

చరిత్ర

20వ శతాబ్దంలో చాలాకాలం మెదడును రోగనిరోధక కణాలకు దాదాపు అందని చోటుగా భావించారు. రక్తంలోని కణాలను లోపలికి రానివ్వని అవరోధం ఉండడం, లింఫ్ నాళాలు కనిపించకపోవడం అందుకు కారణాలు. 2015లో అమెరికాలో జొనాథన్ కిప్నిస్ బృందం, ఫిన్లాండ్‌లో కారి అలిటాలో బృందం విడివిడిగా ఎలుకల మెదడు పైపొరల్లో లింఫ్ నాళాలను చూపడంతో ఆ భావన సడలింది.

పనితీరు

మెదడులో స్థిరపడిన రోగనిరోధక కణాలు మైక్రోగ్లియా. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్టెగా 1919లో వీటిని ప్రత్యేక కణాలుగా గుర్తించాడు. సన్నని కొమ్మల్లాంటి పోగులను చాస్తూ, ముడుస్తూ ఇవి చుట్టుపక్కల నాడీకణాలను ఎడతెగకుండా తడుముతుంటాయి. ఎదిగే మెదడులో, కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్లు అంటుకున్న సినాప్స్‌లను, అంటే నాడీకణాల కూడళ్లను మింగి, అక్కర్లేనివాటిని ఏరివేస్తాయి. అల్జీమర్స్ నమూనా ఎలుకల్లో ఇదే ఏరివేత అకాలంలో మొదలై, ఉండాల్సిన సినాప్స్‌లనూ పోగొడుతుంది.

మెదడు పైపొరల్లోని టీ-కణాలనే రోగనిరోధక కణాలూ నేర్చుకోవడానికి సాయపడతాయి. టీ-కణాలు లేని ఎలుకలు నీటితొట్టిలో మునిగి ఉన్న గట్టు ఎక్కడుందో నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. ఆ కణాలను ఎక్కించాక మెరుగుపడ్డాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రొటీన్ జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో కొద్దిగా ఉంటే జ్ఞాపకం నిలుస్తుంది, ఎక్కువైతే చెదురుతుంది. జ్వరం వచ్చినప్పుడు ఆకలి మందగించడం, మనసు దేనిమీదా నిలవకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం ఇలాంటి ప్రొటీన్ల ప్రభావమే.

దారితప్పినప్పుడు

రోగనిరోధక వ్యవస్థ దారితప్పి జ్ఞాపకాన్ని దెబ్బతీయడానికి యాంటీ-ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు స్పష్టమైన ఉదాహరణ. జోసెప్ దల్మావ్ బృందం 2007లో దీన్ని నిర్ధారించింది. జ్ఞాపకాలు ఏర్పడడానికి అవసరమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాలకు సొంత శరీరపు యాంటీబాడీలే అంటుకుంటాయి. దాంతో ఆ గ్రాహకాలు నాడీకణం ఉపరితలం నుంచి లోపలికి వెళ్లిపోతాయి. ఎక్కువగా యువతుల్లో కనిపించే ఈ జబ్బు కొందరిలో అండాశయ కణితితో ముడిపడి ఉంటుంది. లేనిపోని భయాలు, భ్రమలు, మతిమరుపు, మూర్ఛలు, మూతి దానంతటదే కదలడం దీని లక్షణాలు. మొదట మానసిక వ్యాధిగా పొరబడడం మామూలే.

చికిత్స

వెన్నుద్రవంలో యాంటీబాడీలను పరీక్షించి ఈ జబ్బును నిర్ధారిస్తారు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి వాడతారు. కణితి ఉంటే తీసేస్తారు. నాడీకణాలు చాలావరకు చావవు కాబట్టి, గ్రాహకాలు తిరిగి పైకి చేరేకొద్దీ ఎక్కువమంది కోలుకుంటారు. అందుకు నెలలు పట్టవచ్చు; చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగ్గా ఉంటుంది.