గోల్ కొట్టేవాణ్ణి గోల్‌లో నిలబెట్టారు

మా రెజిమెంటల్ బజార్ పేరులోనే పల్టన్ ఉంది. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అయిన కంటోన్మెంట్ ఇది. తెల్ల సోల్జర్లు తోలుబంతి తెచ్చారు, మనవాళ్లు బూట్లు లేకుండానే దాని వెంట పడ్డారు. ఆట చూసేవాళ్లు ఎక్కువైన చోట వాదన తప్పదు: గెలిపించేది ఫార్వర్డా, బ్యాకా?

సియాటిల్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేస్తే ఇదే గొడవ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2013 సీజన్‌లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు 606 పాయింట్లతో రికార్డు సృష్టించింది. 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌కు వచ్చేసరికి సియాటిల్ డిఫెన్స్ ముందు 43-8తో చిత్తయింది. "చూశావా మామయ్యా, డిఫెన్సే!" అంటాడు వాడు. కానీ అక్కడ దాడికి పదకొండు మంది, ఆపడానికి వేరే పదకొండు మంది. ఎవరి మార్కులు వాళ్లకు వేయొచ్చు. మన ఫుట్‌బాల్‌లో ఉన్న పదకొండు మందే రెండూ చెయ్యాలి. (అసలు చేత్తో అంతసేపు పట్టుకునేదాన్ని ఫుట్‌బాల్ అనడమేమిటో!)

ఈ సంగతి సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌కు బాగా తెలుసు. బడిపంతులు ఆయన. ఆయన కోచ్‌గా ఉండగా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. డ్రిబ్లింగ్ లేని పోటీలు, వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. నా మట్టుకు, ఆ కప్పుల కన్నా ఇదే గొప్ప పని. రెండు కాళ్లూ ఆడేవాణ్ణి ఎక్కడ నిలబెట్టినా చెల్లుతుంది. ఆయనకూ దెబ్బలు తగిలాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు మీద యుగోస్లావియా పది గోల్స్ వేసింది, మనం ఒక్కటి.

ఇక మా తంగరాజ్ సంగతి. సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి 1953లో సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా! తరవాతే గోల్‌కీపర్ అయ్యాడు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. గోల్ ఎలా కొడతారో తెలిసినవాడికి అది ఎటు నుంచి వస్తుందో తెలియదా?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రహీం సాబ్ దీనికి తిరగేసిన పని చేశారు. బ్యాక్ ఆడే జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్‌కు అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. అందులో ఒక గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఇంకొకటి. ముందు వరసలో మా అమ్ముగూడ తులసీదాస్ బలరాం, వెనక గోల్‌లో తంగరాజ్. అదే కొరియా గ్రూప్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది. ఈసారి చివర్లో ఒక్క గోల్ తిరిగి కొట్టగలిగింది, అంతే. 2-1తో స్వర్ణం మనది. రహీం సాబ్ మరుసటి ఏడు జూన్‌లో పోయారు.

ఆ రెండో గోలును బ్యాకుల ఖాతాలో రాయాలా, ఫార్వర్డుల ఖాతాలోనా అని మా మేనల్లుణ్ణి అడిగాను. ఇంకా ఫోన్ చెయ్యలేదు.